కెమేరా కొనుటకు ముందు

వేసవి సెలవులు సమీపించినంతనే మమ్ము కలిసికొను తలిదండ్రులు అడుగు ప్రశ్నలలో ఇటీవల ఒక క్రొత్త ప్రశ్న చేరినది. "పిల్లోడు కెమేరా కావల్ల అంటాడు సార్, ఏది కొనియ్యమంటారు?" అని. తెలుగు పండితులకు ఈ ప్రశ్నతో పని యేమని కొందరు నవ్వవచ్చును. కాని వ్యాకరణమునకువలెనే ఛాయాగ్రహణమునకును కొన్ని సూత్రములు గలవు. వాని నెరిగినవాడు తన యక్కర తానే చెప్పుకొనగలడు. ఎరుగనివాడు అంగడివాని నోటిమాట వినవలసినదే. పైగా ఇది పలకాబలపముల కొనుగోలు కాదు. జేబులో పట్టునంత చిన్నదై, పెద్ద కెమేరాకు దీటైన పటము తీయగల క్రొత్త కెమేరా నేడు లక్ష రూపాయలకు అటునిటుగా నున్నది. మామిడి కాపుమీదను పట్టుగూళ్ల ధరమీదను ఆధారపడిన కుటుంబమునకు అది ఒక యేటి మిగులు. అంత సొమ్ము పెట్టి అక్కరకు రాని వస్తువు తెచ్చుకొన్న యిండ్లను మేమెరుగుదుము. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

విద్యార్థులారా! కెమేరా యనగా వెలుతురును పట్టు పాత్ర. వానలో గిన్నె పెట్టినచో గిన్నె నోరెంత వెడల్పో అంత నీరు పడును గాని, గిన్నెపై చెక్కిన పేరునుబట్టి పడదు. కెమేరా కొనువారు పాత్ర వెడల్పు చూడక, దానిపై అచ్చువేసిన అంకెలను చూచి మోసపోవుచున్నారు. ఆ వెడల్పు ఎట్లు కొలువవలెనో, ఎంత వెడల్పు ఎవరికి చాలునో చెప్పుటయే ఈ పాఠము పని.

ముందుగా దేనికొరకు కెమేరా యన్నది తేల్చుకొనవలెను. ఊరికే కావలెననువానికి చేతిలోని ఫోనే చాలును. మన కృష్ణగిరి, హోసూరు ప్రాంతమున చెరువుకట్టలమీదను పొలముగట్లమీదను వీరగల్లులు ఎన్నియో నిలిచియున్నవి. వానిమీది అక్షరములు వానకు ఎండకు అరిగిపోవుచున్నవి. కొన్నిటికి నూనె పూసి బొట్లు పెట్టుదురు. కొన్ని రహదారి వెడల్పు చేయునప్పుడు మట్టిలో కలియును. ఇక మన యిండ్ల సంగతి చూడుడు. మన తెలుగు పలుకుబడిని, పెండ్లిపాటలను, చేను పేరులను ఎరిగిన అవ్వలు తాతలు ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు. వారి ముఖమునకు ఆధారుకార్డు మీది మసకబొమ్మ తప్ప వేరొక పటము లేని యిండ్లు పెక్కు గలవు. వీనిని నిలుపుకొనదలచినవానికి మంచి కెమేరా వ్యర్థవ్యయము కాదు. సెలవులలో యాత్రకు పోవుచు, దారిలో కంటికి నచ్చినదెల్ల తీసికొనుటకును ఆ కెమేరాయే పనికివచ్చును. ఈ రెండు పనులకు తగినదానినే మనము వెదకుచున్నాము.

రాతిమీది వ్రాతకు కెమేరాను వాడుట క్రొత్త యూహ కాదు. మదరాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడైన లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి 1858లో తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అధిష్ఠానము చుట్టునుగల శాసనములను వరుసగా పటములు తీసి, 21 పటములను ప్రక్కప్రక్కన అతికి, సుమారు 19 అడుగుల పొడవైన ఒక్క చిత్రముగా చేసెను. ఆనాడు కెమేరాయే ఒక పెట్టెంత యుండెడిది. మైనము పట్టించిన కాగితముమీద బొమ్మ దిగెడిది. దానిని మోయుటకు బండ్లు కావలసియుండెను. అంతటి పనిని నేడు ముప్పాతిక శేరు బరువైనను లేని వస్తువుతో చేయవచ్చును. అయితే ఏ వస్తువుతోనైనను చేయవచ్చునా యన్న, చేయలేము.

మీ తాతల కాలమున అగ్ఫా క్లిక్ త్రీ యను కెమేరా మన దేశమున మిక్కిలి ప్రచారములో నుండెను. ఒక్కొక్క ఫిలిముచుట్టకు పండ్రెండు పటములు. ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్ల చదరము. ఆ కెమేరా కటకము సామాన్యమైనది. ఐనను ఫిలిము పెద్దది గనుక పటము నిండుగా వచ్చెడిది. మన తమిళనాటనే ఉదకమండలమున 1960లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిలింస్ సంస్థ "ఇందు" అను పేర ఫిలిము తయారుచేసెడిది. ఆ కర్మాగారము ఇప్పుడు లేదు. ఆనాటి పద్ధతిలో ఒక సౌకర్యము గలదు: కెమేరా ఒకటే యైనను మంచి ఫిలిము వచ్చినప్పుడు దానినే వేసికొనవచ్చును. నేటి కెమేరాలో ఫిలిమునకు బదులు సెన్సారు అను సిలికాను పలక లోపలనే బిగింపబడియుండును. దానిని మార్చుటకు వీలులేదు. కావున నేడు కెమేరా కొనుట యనగా దాని యాయువు తీరువరకు కావలసిన ఫిలిమును అంతయు ఒక్కమారే కొనుట. ఇది గుర్తున్నచో తక్కినదంతయు సులభము.

ఆ పలక కొలతలు ఎట్లుండునో చూతము. పాత ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిలిములో ఒక పటము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. అంత పలకను "ఫుల్ ఫ్రేము" అందురు. దానికి తరువాతిది ఎ.పి.ఎస్.-సి. అనునది, సుమారు 23.5కు 15.6, అనగా 366 చదరపు మిల్లీమీటర్లు. ఆ తరువాత ఫోర్ థర్డ్స్ అనునది 17.3కు 13, వైశాల్యము 225. తరువాత "ఒక అంగుళము" పలక. ఈ పేరు విని అంగుళమంత యుండునని తలపవలదు. పూర్వము టెలివిజన్ కెమేరాలలో వాడిన గాజుగొట్టముల వెలుపలి వ్యాసమునుబట్టి పెట్టిన పేరది, నిజమునకు 13.2కు 8.8, అనగా 116 చదరపు మిల్లీమీటర్లే. ఇక అంగళ్లలో చవుకగా దొరకు చిన్న కెమేరాలలో నుండునది 6.17కు 4.55, వైశాల్యము 28 మాత్రమే. చిన్నవ్రేలి గోటికంటెను చిన్నది. లెక్క వేసినచో అంగుళపు పలక దీనికి నాలుగింతలు, ఎ.పి.ఎస్.-సి. పలక పదమూడింతలు. ఎండలో ఈ భేదము అంతగా కనబడదు. నీడపట్టున, ఇంటిలో, దేవాలయ మండపమున, సందెవేళ బయటపడును. చిన్నపలకపై వెలుతురు చాలక, ఆ కొంచెమును యంత్రము బలవంతముగా పెంచుటచే, పటమునిండ ఇసుక చల్లినట్లు గరుకు ఏర్పడును. అక్షరపు అంచు, కంటి రెప్ప, చీర నేత యన్నియు ఆ ఇసుకలో కలిసిపోవును.

అంగడివారు పలక కొలత చెప్పరు. మెగాపిక్సెల్ సంఖ్య చెప్పుదురు. మెగాపిక్సెలనగా పది లక్షల చుక్కలు. 1975లో కొడాక్ సంస్థ యింజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమేరాలో వరుసకు నూరు చొప్పున నూరు వరుసలు, మొత్తము పదివేల చుక్కలు. ఒక్క పటము క్యాసెట్టు పట్టీపై ఎక్కుటకు 23 సెకనులు పట్టెను. ఆ కాలమున చుక్కలు పెరుగుట గొప్ప మేలు. నేడు అట్లు కాదు. లెక్క మీరే వేయుడు: అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేసినచో ఆరంగుళములకు నాలుగంగుళముల పటమునకు 1800 చుక్కలు 1200 వరుసలు చాలును. అనగా రెండు మెగాపిక్సెల్‌లకు కొంచె మధికము. ఎ4 కాగితము నిండుటకు తొమ్మిది మెగాపిక్సెల్‌లైనను అక్కరలేదు. ఇరువది గలదానితో ఇంటిగోడకు తగిలించు పెద్దపటమును నిక్షేపముగ తీయించుకొనవచ్చును. ఇరువదికి మించినది ఎంత యున్నను మనవంటివారికి కలుగు లాభము తక్కువ. కొన్ని చవుకరకపు పెట్టెలపై "48 మెగాపిక్సెల్" అని వ్రాసియుండును. లోపలి పలకలో అన్ని చుక్కలు ఉండవు. ఉన్న చుక్కల నడుమ లేని చుక్కలను యంత్రము ఊహించి పూరించును. పాలలో నీరు పోసి కొలత పెంచుటకు దీనికి భేదము లేదు.

పలక తరువాత కటకము. కటకములో వెలుతురు ప్రవేశించు రంధ్రమును అపెర్చరు అందురు. దీనిని ఎఫ్ అను సంఖ్యతో సూచింతురు. కటకపు నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చినది ఆ సంఖ్య. కనుక సంఖ్య చిన్నదైనకొలది రంధ్రము పెద్దది. పిల్లలు ఇక్కడ తరచు తడబడుదురు. ఎఫ్ 2 నుండి 2.8కు, 2.8 నుండి 4కు, 4 నుండి 5.6కు పోవునప్పుడు ఒక్కొక్క మెట్టున వెలుతురు సగమగును. అనగా ఎఫ్ 2 గల కటకము ఎఫ్ 5.6 గలదానికంటె ఎనిమిదింతల వెలుతురు నిచ్చును. కెమేరా ముందరి వలయముమీద ఈ సంఖ్య చెక్కియుండును. జూము కటకమైనచో రెండు సంఖ్య లుండును: మొదటిది దగ్గరి కొసకు, రెండవది దూరపు కొసకు. రెండవదానిని తప్పక చూడవలెను. అంగడివాడు మొదటిదానినే చదువును.

దీని ఫలమును లేపాక్షిలో చూడవచ్చును. మేము ఉపాధ్యాయ శిక్షణము పొందినది అనంతపురము సీమలో గనుక ఆ దేవాలయమును పెక్కుమారులు దర్శించితిమి. మన హోసూరునుండి బెంగుళూరు దాటి పోయినచో ఒక్క దినమున చూచి రాదగిన చోటు. విజయనగర రాజులలో అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయమది. దాని మండపముల పైకప్పునిండ రంగుల చిత్రములు గలవు: పురాణకథలు, ఆనాటి స్త్రీపురుషుల వస్త్రములు, తలపాగలు, చీర అంచులు. వెలుపల కన్ను చెదరు ఎండ; లోపల మసక. ఫ్లాష్ వెలిగించుట అచ్చట తగదు. రంగులకు చేటు, పైగా ఆ వెలుగు కప్పుపై పడి మెరయుటయే గాని బొమ్మ రాదు. ట్రైపాడు అను ముక్కాలిని పురావస్తుశాఖ రక్షణలోని కట్టడములలో ముందుగ అనుమతి లేనిదే నిలుపనీయరు. ఇక చేతితో పట్టుకొని తీయుటయే గతి. ఎఫ్ 2 కటకముతో సెకనులో ముప్పదవవంతు కాలము చాలినచోట, ఎఫ్ 5.6 కటకమునకు సెకనులో నాలుగవవంతు కావలెను. మెడయెత్తి, చేతులు పైకి చాచి అంతసేపు కదలక నిలుచుట ఎవరికిని సాధ్యము కాదు. పటము చెదరును.

చేయి వణకుటను సరిదిద్దు ఏర్పాటు నేటి కెమేరాలలో పెక్కింటికి గలదు. కప్పుమీది చిత్రము కదలదు గనుక అచ్చట అది మిక్కిలి యుపయోగము. కాని ఆడుకొను తమ్ముని, దంచుచున్న అవ్వ చేతిని ఆ యేర్పాటు నిలుపజాలదు. కదలునది మన చేయి కాదు గదా. అచ్చట పెద్ద రంధ్రమే శరణ్యము.

ఇక జూము. దూరపు వస్తువును దగ్గరగా చూపు శక్తి యని అందరును దీనికే ఆశపడుదురు. "ముప్పదింతల జూము", "నలుబదింతల జూము" అని వ్రాసిన కెమేరాలు గలవు. అంత పొడవైన కటకము చిన్న పెట్టెలో ఇముడవలెనన్న లోపలి పలక మిక్కిలి చిన్నది కావలసియుండును, దూరపు కొసను రంధ్రము మిక్కిలి ఇరుకు కావలసియుండును. గోపురముమీది బొమ్మను మధ్యాహ్నపు టెండలో తీయుటకు తప్ప మరి దేనికిని అది కుదురదు. డిజిటల్ జూము అనునది అసలు జూమే కాదు. ఉన్న పటమును కత్తిరించి పెద్దది చేయుట మాత్రమే.

కటకము ఎంత వెడల్పున చూచునో తెలిసికొనుటకు ఒక చిన్న సూత్రము గలదు. మా తరగతిలో పిల్లలచే నోటికి వప్పగింపజేసితిమి. కెమేరా వివరములలో "35 మిల్లీమీటర్ల ఫిలిముతో పోల్చినచో" అని యొక సంఖ్య యిత్తురు. 28 అని యున్నదనుకొనుడు. ఆ కటకము 28 అడుగుల దూరమున 36 అడుగుల వెడల్పును చూచును. 50 అని యున్నచో 50 అడుగుల దూరమున 36 అడుగులు. సరూప త్రిభుజముల లెక్కయే యిది. 36 అనునది ఫిలిము పొడవు. 28 కటకముతో పదడుగుల దూరమున నిలిచినచో సుమారు 13 అడుగుల వెడల్పు వచ్చును: చావడిలో కూర్చున్న కుటుంబమంతయు పట్టును. 50 కటకముతో అంతే దూరమున ఏడడుగుల పైచిలుకు: ఇద్దరు ముగ్గురు పట్టుదురు.

ఇప్పుడు పేరులు చెప్పుదుము. మేము ఎవరికిని వకాల్తా పుచ్చుకొనలేదు. ఉదాహరణలు లేని సూత్రము పిల్లలకు నిలువదు. సోనీ వారు 2012లో ఆర్.ఎక్స్. 100 అను కెమేరాను తెచ్చి, అంగుళపు పలకను జేబుకెమేరాలో ఇమిడ్చిరి. దాని మూడవ రూపము 2014లో వచ్చినది. 24 నుండి 70 వరకు జూము, ఎఫ్ 1.8 నుండి 2.8. ఏడవ రూపము 2019లో వచ్చినది. జూము 200 వరకు పెరిగినది గాని రంధ్రము 2.8 నుండి 4.5కు తగ్గినది. క్రొత్తది గనుక అన్నివిధముల మేలని తలపరాదని దీనినిబట్టి గ్రహింపుడు. మండపములకు, ఇంటి లోపలికి మూడవదియే యనుకూలము. ఏడవది దూరపు శిల్పములకు. కానన్ జి 7 ఎక్స్ మార్క్ త్రీ, 2019లో వచ్చినది, 24 నుండి 100 వరకు, ఎఫ్ 1.8 నుండి 2.8. మూడు వందల గ్రాములకు కొంచె మధికము. ఇట్టి కొలతలలో మా దృష్టికి ఇదియే పొందికైనది. కంటికి ఆనించి చూచు వ్యూఫైండరు లేకుండుట దీని లోపము. పానసోనిక్ ఎల్.ఎక్స్. 100 రెండవ రూపము, 2018లోనిది, ఫోర్ థర్డ్స్ పలక గలది, కొంచెము లావు.

జూము లేని కెమేరాలు రెండు వంశములుగా ప్రసిద్ధికెక్కినవి. రికో వారి జి.ఆర్. వంశము ఫిలిము కాలముననే, 1996లో మొదలైనది. 2019లోని జి.ఆర్. త్రీ 28 కటకము, ఎఫ్ 2.8, ఎ.పి.ఎస్.-సి. పలక గలిగియు 257 గ్రాములే. చొక్కాజేబులో పట్టును. 2021లో 40 కటకముతో దాని తోబుట్టువు వచ్చినది, 2025లో జి.ఆర్. ఫోర్ వచ్చినది. వీనికి వ్యూఫైండరు లేదు, జి.ఆర్. త్రీకి లోపలి ఫ్లాషును లేదు. తయారుచేసినవారి కొలత ప్రకారము దాని బ్యాటరీ ఒక్కమారు నింపిన రెండువందల పటములకే వచ్చును. రెండు బ్యాటరీలు లేనిదే యాత్రకు పోరాదు. ఫ్యూజీ వారి ఎక్స్ 100 వంశము 2011 నుండి వచ్చుచున్నది. 2024లోని ఆరవ రూపమున 35 కటకము, ఎఫ్ 2, చక్కని వ్యూఫైండరు గలవు. అరకిలో దాటిన బరువు, లక్ష దాటిన ధర. చూచుటకు పాతకాలపు కెమేరావలె మిక్కిలి ముద్దుగా నుండును. ఆ ముద్దునకు కూడ కొంత వెల చెల్లింతుము.

జూము లేనిది కొనుట వెఱ్ఱి యని పెద్దలు తలపవచ్చును. మా యభిప్రాయము వేరు. నేర్చుకొను పిల్లవానికి ఒకే కటకము మేలు. కాళ్లతో ముందుకు వెనుకకు నడచి చూచుట అలవడును. పదిరోజులలో, కెమేరా ఎత్తకమునుపే, ఏది పటమున పడునో ఏది పడదో కన్ను చెప్పును. కాని ఇంటిల్లిపాదియు వాడుకొనునది, పెండ్లికి తిరునాళ్లకు పోవునది ఐనచో 24 నుండి 70 లేక 100 వరకు గల జూమే కొనవలెను. మన ప్రాంతపు ఎండలో వెనుకతెర వెలవెలబోయి ఏమియు కనబడదు గనుక, రెండు సమానముగ తోచినప్పుడు వ్యూఫైండరు గలదానిని ఎన్నుకొనుడు. వీడియో, ఫోనునకు పటము పంపు ఏర్పాటు మొదలగునవి అన్నిటికిని గలవు. వానిని చూచి నిర్ణయింపనక్కరలేదు.

ఫోను సంగతి దాచి చెప్పుట న్యాయము కాదు. 2010లో ప్రపంచమున పన్నెండు కోట్ల డిజిటల్ కెమేరాలు అమ్ముడుపోగా 2023లో ఎనుబది లక్షలకు లోపే. తక్కినవానిని ఫోనులు మ్రింగివేసినవి. కారణము లేకపోలేదు. మంచి ఫోనులలోని ముఖ్యమైన పలక చవుక కెమేరాలోని పలకకు రెండింతలు మించియున్నది. పైగా ఒక్క క్షణమున పెక్కు పటములు తీసి, వానిని కలిపి, గరుకు తీసివేయు నేర్పు ఫోనునకు గలదు. కాబట్టి ఇంటిలో ఓమోస్తరు మంచి ఫోను ఉన్నవారు పదివేలకో పదునైదువేలకో చిన్నపలక కెమేరా కొనుట శుద్ధదండుగ. అంగుళపు పలక, లేదా అంతకు పెద్దది కొనగలిగిననాడు కొనవలెను. అంతవరకు ఫోనుతోనే నేర్చుకొనవలెను. అప్పు చేసి కొనదగిన వస్తువు కాదిది. ఇటీవల యువజనులు పాతకాలపు చిన్న కెమేరాలను వేడుకకు వెదకి కొనుచుండుటచే వాని ధరయు పెరిగినది. వేడుక వేడుకయే, మన పనికి రాదు.

ఏ కెమేరాయైనను వీరగల్లు దగ్గర దానిని వాడు విధము తెలియవలెను. నడిమధ్యాహ్నము ఎదురుగా నిలిచి తీసినచో రాయి చదునుగా కనబడును గాని అక్షరము కనబడదు. ఉదయమున గాని సాయంకాలమున గాని ఎండ రాతిపక్కనుండి వాలుగా తాకునప్పుడు ప్రతి గీతయు తన నీడను తానే వేసికొనును. అరిగిన అక్షరమును తేరి పైకి వచ్చును. ఎండ ప్రక్కనుండి రాని తావులలో, చీకటిపడిన తరువాత కెమేరాను ఇటుకమీద నిలిపి, పది సెకనుల టైమరు పెట్టి, ఒక స్నేహితుని టార్చిలైటుతో రాతిపక్కగా నిలుపుడు. లైటును నాలుగు దిక్కులనుండి వేయించి నాలుగు పటములు తీసినచో ఒకదానిలో దొరకని అక్షరము మరొకదానిలో దొరకును. కెమేరా ముఖము రాతికి సమాంతరముగా నుండవలెను. ప్రక్కన అడుగుకోల ఒకటి నిలుపుడు. అక్షరములలో సుద్దగాని పిండిగాని నింపరాదు. రాయి చెడును, చదువువాడు లేని గీతను ఉన్నదనుకొనును.

అవ్వను తీయునప్పుడు కెమేరా ముఖమున కానించి 24 కటకముతో తీయకుడు. ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ఐదారడుగుల దూరమున నిలిచి 50 మొదలు 70 వరకు గల కొసను వాడుడు. వాకిలి గడపలో, వెలుతురు ఒక ప్రక్కనుండి మెత్తగా పడునట్లు కూర్చుండబెట్టుడు. తీయుమా యని అడిగి తీయుడు. ఆ రాత్రియే పటమునకు తేది, ఊరు, మనిషి పేరు వ్రాసి రెండు తావుల దాచుడు. ఒకటి కాగితముమీద అచ్చు వేయించుడు.

క్రొత్తది కొనలేనివారికి వాడినది కొనుటలో తప్పు లేదు, ఆర్.ఎక్స్. 100 మూడవ రూపమువంటివి అట్లే దొరకును. పరీక్ష యిట్లు చేయుడు. కటకమును పదిమారులు బయటికి లోపలికి పోనిచ్చి చప్పుడు వినుడు, గరగరలాడినచో వలదనుడు. టార్చి వెలుతురున కటకములోనికి చూడుడు; సాలెగూటివంటి దారములు కనబడినచో బూజు పట్టినదని యర్థము. రంధ్రమును అన్నిటికంటె చిన్నదిగా నుంచి తెల్లని ఆకాశమును తీసి, పటమును పెద్దదిచేసి చూడుడు. బూడిదరంగు మచ్చలున్న పలకపై దుమ్ము చేరినది. కటకము ఊడదీయరాని ఈ కెమేరాలలో ఆ దుమ్ము తుడుచుట ఇంట సాధ్యము కాదు, మరమ్మతుశాలవారు విప్పవలసినదే. ముందుకు వెనుకకు పోవు కటకము గాలితో దుమ్మును పీల్చును, జి.ఆర్. వంశమునకు ఈ పీడ ప్రసిద్ధము. ఆ జాతి బ్యాటరీ ఇంకను అంగట దొరకుచున్నదో లేదో కనుగొనుడు. రసీదు లేని వస్తువును ముట్టకుడు.

అభ్యాసమునకు ఒక లెక్క: ఒక కట్టడపు ముందుభాగము 90 అడుగుల వెడల్పు. ఎదుట గోడ యుండుటచే 60 అడుగులకు మించి వెనుకకు పోవ వీలులేదు. 24, 28, 35 కటకములలో దేనితో మొత్తము ఒక్క పటమున వచ్చును? 28 మాత్రమే యున్నవాడు ట్రైప్ తంజావూరున చేసినట్లు పటములు అతుకవలెనన్న ఎన్ని తీయవలెను, రెండింటి నడుమ ఎంత భాగము ఉమ్మడిగా రావలెను? జవాబులు వచ్చు సంచికలో.